కెప్టెన్ చూసే మూల

ఆరు కావడానికి పది నిమిషాలుందనగా కెప్టెన్ లేచి నిలబడ్డాడు.

అప్పటిదాకా గడప మీద గడ్డం పెట్టుకుని పడుకున్న కుక్క, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు లేచి, ముందుగదిలో కిటికీ పక్క మూలకి నడిచాడు. ఉమామహేష్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. వంటింట్లో అతని భార్య నాగశ్రీ స్టవ్ కట్టేసింది. ఆ కాసేపూ ఆ ఇంట్లో టీవీ కూడా మోగదు.

మూలలో ఏమీ లేదు. రెండేళ్ల క్రితం దాకా అక్కడ నవారు మంచం ఉండేది. దాని కోడు రాసుకుని గోడ మీద పడిన గీత ఒకటి మిగిలింది. క్వార్టర్‌కి సున్నం వేయడానికి కంపెనీ మనుషులొచ్చినప్పుడు ఆ గీత జోలికి పోవద్దని ఉమామహేష్ దగ్గరుండి చెప్పాడు. వాళ్లు అతన్ని ఎగాదిగా చూసి, ఆ మూల వదిలేసి మిగతా గదికి సున్నం వేసి పోయారు.

కెప్టెన్ నల్ల లాబ్రడార్. నాలుగేళ్లవాడు. ఛాతీ మీద తమలపాకంత తెల్లమచ్చ. మూల ముందు నిలబడి, మంచం మీద కూర్చున్న మనిషి మొహం ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తుకి తల ఎత్తాడు. ఎవరి చేతినో గమనిస్తున్నట్టు కళ్లు నెమ్మదిగా ఎడమకి కదిలాయి, పైకి వెళ్లాయి, మళ్లీ కిందికి దిగాయి. మెడ మీద వెంట్రుకలు లేచాయి. ఉన్నట్టుండి గాల్లోకి నోరు చాపి టక్కున మూశాడు. పళ్లు తగిలిన చప్పుడు గదిలో వినబడింది. మళ్లీ ఒకసారి. ఇంకోసారి.

"మూడు," అంది నాగశ్రీ గుమ్మంలోంచి, చిన్నగా.

కెప్టెన్ చతికిలబడి కుడి ముందుకాలు నాక్కోవడం మొదలుపెట్టాడు. అయిపోయినట్టే.

ఉమామహేష్ తల్లి వరహాలమ్మ ఉన్నప్పుడు ఈ వేళకే టీతో జంతికలు పెట్టుకుని కూర్చునేది. తానొకటి కొరికి, కుక్కకో ముక్క గాల్లోకి విసిరేది. మూడంటే మూడే. నాలుగోదానికి మూతి చాపితే "పోరా తిండిపోతు వెధవా" అని తిట్టేది. ఆమె పోయింది కూడా ఈ వేళకే. ఆ వారం కొడుకుది మధ్యాహ్నం మొదలయ్యే బి షిఫ్ట్. అతను ఉక్కు ఫ్యాక్టరీలో కోక్ ఓవెన్ల మీద ఉండగా లాకర్లో ఫోను మోగి మోగి ఊరుకుంది. నాగశ్రీ అంబులెన్సుకి దారి చూపించడానికి రోడ్డు మీదికి పరిగెత్తిన ఐదు నిమిషాల్లో అంతా అయిపోయింది. ఆఖరి ఘడియలో ఆమె దగ్గరున్నది కెప్టెన్ ఒక్కడే.

మొదటి మాసికం నాటి సాయంత్రం కెప్టెన్ మొట్టమొదటిసారి మూలకి వెళ్లి గాల్లో ఏదో పట్టుకున్నాడు. ఉమామహేష్ ఉన్నచోటే కూలబడి ఏడ్చాడు. అంత గట్టిగా శ్మశానంలో కూడా ఏడవలేదు. తాను రానందుకు అమ్మకి కోపం లేదు. ఉంటే రోజూ వచ్చి కుక్కకి జంతికలెందుకు వేస్తుంది? రెండేళ్లుగా అతను తిండి తింటున్నదీ నిద్రపోతున్నదీ ఆ ఒక్క ధైర్యం మీదే.

నాగశ్రీ మూలలో దీపం పెట్టింది. కిటికీ బయట ఉక్కు ఫ్యాక్టరీ మీద ఆకాశం ఎర్రబడింది. వాళ్ల బ్లాకులో పై రెండు క్వార్టర్లూ ఖాళీ. విరిగిన కిటికీ రెక్క ఒకటి గాలికి కొట్టుకుంటూనే ఉంది. అప్పుడే ఫోను మోగింది. ఆటోనగర్ నుంచి, లేతు మిషను షెడ్డు నడిపే దొరబాబు.

"బావా, మా లక్కీ ఎదకొచ్చి ఇయాల్టికి ఎనిమిదో రోజు. శనోరం తెచ్చీమంటావా?"

"తీసుకురా. పన్నెండో రోజంటే సరిగ్గా సరిపోతుంది. ఎన్ని నెలలు దానికి?"

"ఎనిమిది. ఇదే మొదటిసారి. బేగి కట్టించెత్తే ఒళ్లు బాగా ఒత్తాదంట కదేటి?"

"అంటారు మరి," అన్నాడు ఉమామహేష్, తనకీ తెలిసినట్టు.

"నీ పిల్ల నీకే బావా. నచ్చింది నువ్వే ఏరుకో."

అది రివాజు. మగకుక్క వాళ్లకి ఈతలో ఒక పిల్ల. ఉమామహేష్ ఆ పిల్లల్ని ఎప్పుడూ అమ్ముకోలేదు. కావాలన్నవాళ్లకి ఊరికే ఇచ్చేవాడు. కెప్టెన్‌కి పది నెలలు నిండేసరికే అందగాడని పేరొచ్చింది, ఎవరూ ఆగలేదు, అతనూ ఆపలేదు. ఆరు ఈతలు, ఆరు పిల్లలు. ఉక్కునగరంలో కుక్కపిల్ల కావాలంటే ఉమామహేష్‌ని అడగమనేవారు. ఆ మాట చెవినపడితే అతనికి ఛాతీ ఓ అంగుళం పెరిగేది.

మర్నాడు పొద్దుటి షిఫ్ట్ ముగించుకుని రెండున్నరకి ఇల్లు చేరేసరికి నాగశ్రీ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"గంగాలమ్మ పొద్దున్న చేపలు తూచకుండా మెట్ల మీద కూర్చుండిపోయిందండీ. మీరు ఒకసారి వచ్చి నల్లోణ్ణి చూడాలంట. సాయంత్రం పూటే రమ్మంది."

గంగాలమ్మ పదిహేనేళ్లుగా ఈ సెక్టారుకి చేపలు తెస్తోంది. కెప్టెన్ రెండో ఈతలో పిల్లని, ఈ నల్లోణ్ణి, ఉమామహేష్ ఆమె మొగుడు తాతబాబుకే ఇచ్చాడు. నిరుడు తాతబాబు సముద్రం మీద వేటకెళ్లాడు. పడవ ఒడ్డుకి కొట్టుకొచ్చింది, మనిషి రాలేదు.

అప్పికొండ దాటి, ఇసుక మొదలైనచోట బండి ఆపి, ఉమామహేష్ నడిచి వెళ్లాడు. గంగాలమ్మ ఇల్లు పల్లెకి చివర. ఇంటి ముందు ఆ పడవే బోర్లా పడుంది. దాని మీద ఎవరూ వల ఆరేయలేదు, పిల్లలు కూడా ఎక్కి ఆడటం లేదు. గంగాలమ్మ నుదుట రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని, అరుగు మీద కంచం కడుగుతోంది.

"రా బాబూ. ఆడి ఏలయిపోనాది, కూకో."

అంచు వంగిన స్టీలు కంచం. అందులో అన్నం పెట్టి, వేయించిన కవళ్ల చేపలు రెండు పెట్టి, చెంబుతో నీళ్లు పక్కన పెట్టి గుమ్మం ముందుంచింది. నల్లోడు దాని వైపు చూడలేదు. అలవాటు చేసినట్టుంది. పడవకి అవతల ఇసుకలో నిలబడి సముద్రంకేసి చూస్తున్నాడు. అదే తల, అదే మెడ, అదే తెల్లమచ్చ.

ఎండ పడవ మీంచి జారిపోయింది. గంగాలమ్మ మాట్లాడటం ఆపేసింది. నల్లోడు తల పైకెత్తాడు. నీళ్లలోంచి నడిచొచ్చే మనిషిని చూస్తున్నట్టు వాడి కళ్లు అలల దగ్గర్నుంచి మెల్లగా పడవ దాకా వచ్చి, పడవ చుట్టూ తిరిగి, గుమ్మం దగ్గర ఆగాయి. ఉమామహేష్‌కి చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. తన పక్కనున్న ఖాళీ చోటునే ఆ కుక్క చూస్తోంది. తెలియకుండానే కొంచెం పక్కకి జరిగి దారి ఇచ్చాడు.

టక్. టక్. టక్.

"సూసినావా?" అంది గంగాలమ్మ గుసగుసగా. "పడవ దిగేటప్పుడు ఆయన సేపపిల్లలు ఇలగే ఇసిరేవోడు. ఈడు గాల్లోనే పట్టీవోడు."

నల్లోడు నాలుగోసారి కూడా పట్టుకున్నాడు. ఉమామహేష్ అది లెక్కలోకి తీసుకోలేదు. కుక్క కూర్చుని కుడి ముందుకాలు నాక్కుంది.

"నాలుగు నెల్లయినాది బాబూ. మొదట్లో ఎవులికీ సెప్పలేదు నాను. మొన్న పొద్దుటైతే పడిపోయి గిలగిలా కొట్టేసుకున్నాడు, నోట్లోంచి నురగ. ఆయన గట్టిగా పట్టుకున్నాడేమో మరి. మా పెద్దోలేమో ఏడాది తిరిగిపోనాది, దినం సేసెయ్యమంతన్నారు. రోజూ ఇంటికొచ్చే మనిషికి దినం ఎలగ సేత్తారు? మీ కుక్క కూడా సూత్తాదని అమ్మగారు సెప్పినారు. అందుకే నిన్ను రమ్మన్నాను. నువ్వు సదూకున్నోడివి. సెప్పు బాబూ, ఈడు సూసింది నిజమేనా?"

 తన ఇంట్లో ఉన్న వరం ఇంకో ఇంట్లోనూ ఉందని, అది తన కుక్క రక్తంలోంచే వచ్చిందని తోచి ఉమామహేష్‌కి ఒళ్లు పొంగింది. భయం, గర్వం ఒకేసారి కలిగాయి.

"నిజమేనమ్మా," అన్నాడు. "మా అమ్మ వస్తుంది. మీ ఆయనా వస్తున్నాడు."

గంగాలమ్మ అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకుంది. వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, ఆమె కంచంలో అన్నం తీసుకెళ్లి అలల్లో వదులుతోంది.

గురువారం మధ్యాహ్నం ఆటోనగర్ వెళ్లాడు. శనివారానికి లక్కీ సిద్ధంగా ఉందో లేదో ముందొకసారి చూడటం అతని పద్ధతి. దొరబాబు షెడ్డులో లేడు, ఏదో పార్టు డెలివరీకి పోయాడు. లేతు మీద దొరబాబు పనివాడు గురువులు ఒక్కడే ఉన్నాడు. ఇనుప చుట్టలు ఉంగరాల్లా కింద రాలుతున్నాయి.

"లక్కీ ఇంటికాడుంది బాబూ. కూకోండి, ఓనరు ఒచ్చేత్తాడు."

షెడ్డు వెనక స్తంభానికి గొలుసుతో ఓ నల్లకుక్క కట్టేసి ఉంది. ఉమామహేష్ పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది. కెప్టెన్ మొదటి ఈతలో పిల్ల, టైసన్. గురువులు కూతురు ముచ్చటపడిందని తానే చేతుల్లో పెట్టి ఇచ్చాడు. ఇప్పుడు పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాడు. నుదుటి మీద, రెండు చెవుల మధ్య, వెంట్రుకలు లేని గులాబీరంగు గీతలు మూడు ఉన్నాయి.

"ఏమిటిది?"

గురువులు లేతు ఆపాడు. చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు, మొహం ఎత్తలేదు. "వాతలు బాబూ. ఈడికి గాలి సోకినాది. ఒకాయన్ని తెచ్చి పెట్టించినాం. మా పాప రెండ్రోజులు అన్నం తిన్లేదు ఆడి అరుపులకి. నాకు మాత్రం సరదా ఏటి?"

టైసన్ అప్పుడు తల ఎత్తాడు. మధ్యాహ్నం మూడు గంటలు. మండే ఎండ. రేకుల షెడ్డు, లేతు మిషను, గ్రీజు డబ్బాలు. వాడి కళ్లు డ్రిల్లు స్టాండు మీదుగా మెల్లగా పైకి పాకాయి. టక్. టక్. మళ్లీ పక్కనున్న ఆటో చక్రంకేసి చూసి, టక్. తర్వాత కూర్చుని కుడి ముందుకాలు నాక్కున్నాడు.

ఉమామహేష్ గురువులు వైపు తిరిగాడు. "మీ ఇంట్లో ఎవరైనా పోయారా గురువులూ? ఈ మధ్య?"

"ఎవులూ పోలేదు బాబూ. అందరం బాగానే ఉన్నాం."

"ఈ షెడ్డులో? ఇక్కడేమైనా యాక్సిడెంటు..."

"ఇక్కడా? ఏటీ లేదు." గురువులు అతని వంక వింతగా చూశాడు. "ఎందుకలగ అడుగుతన్నారు?"

జవాబు చెప్పేలోపు టైసన్ కాళ్లు బిగదీసుకున్నాయి. పక్కకి ఒరిగి సిమెంటు మీద పడ్డాడు. దవడ బిగుసుకుపోయి, గొలుసు గలగలలాడుతుంటే నాలుగు కాళ్లూ పరిగెడుతున్నట్టు గాల్లో కొట్టుకున్నాయి. నోట్లోంచి నురగ వచ్చింది, కింద తడిసింది. గురువులు అలవాటుగా గోనెసంచి తెచ్చి తల కింద పెట్టాడు. ఉమామహేష్ ఆ నూనె మరకల్లో మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. కుక్క కళ్లు తెరుచుకునే ఉన్నాయి గానీ ఆ కళ్లు దేన్నీ చూడటం లేదు. అంత ఖాళీ కళ్లు అతను ఎప్పుడూ చూడలేదు.

రెండు నిమిషాల్లో ఆగింది. టైసన్ లేచి, తూలుతూ వచ్చి, వాతలున్న నుదురు ఉమామహేష్ మోకాలికి ఆనించాడు.

శుక్రవారం సాయంత్రం గాజువాకలో కుక్కల డాక్టరమ్మ ఆశ, గురువులు ఫోనులో తీసిన టైసన్ వీడియో రెండుసార్లు చూసింది. కెప్టెన్ బల్ల మీద బుద్ధిగా నిలబడ్డాడు. ఆమె వాడి కళ్లలోకి లైటు వేసింది, చెవులు చూసింది, పొట్ట నొక్కింది.

"లేని ఈగల్ని పట్టుకున్నట్టు గాల్లో కరుస్తాయి. తర్వాత ఏదో ఒక కాలు నాక్కుంటాయి. ఇది మూర్ఛలో ఒక రకం అయ్యుండొచ్చు. కొన్నిటికి కడుపు జబ్బు వల్ల కూడా వస్తుంది, అందుకే పరీక్షలు చేద్దాం. కానీ తండ్రికీ ఇద్దరు పిల్లలకీ ఉందంటున్నారు. మొదట ఎవరికి మొదలైంది?"

"వీడికే. రెండేళ్లప్పుడు."

"అప్పటికి ఎన్నిసార్లు క్రాసింగ్ చేయించారు?"

"మూడు. తర్వాత ఇంకో మూడు."

"మొదటిసారి వయసెంత?"

"పది నెలలు." పరీక్షలో తప్పు రాసినవాడిలా ఉంది అతని గొంతు.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఇలాంటివి బయటపడేది చాలావాటికి ఏడాది దాటాక, రెండు మూడేళ్లకి. అందుకే రెండేళ్లు నిండాలి, ఆరోగ్యం చూపించుకోవాలి, దాని తల్లీ తండ్రీ తోబుట్టువులూ ఎలా ఉన్నాయో కనుక్కోవాలి, అప్పుడు కట్టించాలి అంటాం. మీరు జబ్బు కనబడకముందే పంచిపెట్టేశారు. కనబడ్డాక కూడా ఆపలేదు."

"రేపు ఒకటి వస్తోంది. ఎనిమిది నెలలది."

"అది ఇంకా ఎదిగే పిల్ల. మొదటి ఎదలో కట్టిస్తే దాని ఒంటికే చేటు. ఒళ్లు బాగా వస్తుందన్న మాట ఎవరు పుట్టించారో గానీ, నేను రోజూ వింటాను." కాగితం మీద రాస్తూ అడిగింది. "వీడికి రోజుకి ఎన్నిసార్లు వస్తుంది?"

"ఒక్కసారే. సాయంత్రం ఆరుకి ముందు. ఎప్పుడూ ఒకే మూలలో."

ఆమె పెన్ను ఆపింది. "పగలు ఇంట్లో ఎవరుంటారు? వాళ్లనడగండి."

నాగశ్రీ వంటింట్లో గోంగూర ఆకులు దూస్తోంది. ఉమామహేష్ ఆమెకి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాడు. ఆఖర్న ఆ ప్రశ్న అడిగాడు.

నాగశ్రీ ఆకులు దూస్తూనే ఉంది. ఒక కట్ట అయిపోయింది, ఇంకో కట్ట విప్పింది.

"పొద్దున్నపూట గ్యాసు బండకేసి చూస్తాడండీ," అంది చివరికి. "బాత్రూం తలుపుకేసి చూస్తాడు. ఒక్కోరోజు ఏడెనిమిది సార్లు. మూలకి వెళ్లడం సాయంత్రాలు మీరు ఇంట్లో ఉన్నప్పుడే ఎక్కువ. టీ వేళకి అక్కడికెళ్లడం అత్తయ్యగారు చేసిన అలవాటు."

"మరి మూడు?"

"ఒకటైనా, ఐదైనా, నేను మూడు అనేదాన్ని."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"మీరు నెల్లాళ్లు అన్నం సరిగా తినలేదు. వాడు అక్కడ నిలబడ్డ రాత్రి రెండుసార్లు అడిగి పెట్టించుకున్నారు." ఆమె చేతి వెనకభాగంతో కళ్లు తుడుచుకుంది. "ఎలా చెప్పమంటారు?"

ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చూశాడు, రాలేదు. ముందుగదిలో పళ్లు తగిలిన చప్పుడైంది. ఇద్దరూ అటు చూడలేదు. ఆ రోజు దీపం పెట్టలేదు. ఎవరూ రావడం లేదని తెలిశాక ఆ ఇంట్లో ఇంకా భయంగా ఉంటుందని ఉమామహేష్‌కి అప్పుడు తెలిసింది.

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి దొరబాబు ట్రాలీ ఆటో గుమ్మం ముందు ఆగింది. లక్కీ కొత్త ఎర్ర బెల్టుతో కిందికి దూకింది. కాళ్లు ఇంకా పొడుగు, ఒళ్లు ఇంకా సన్నం. వంటింటి వెనక కట్టేసిన కెప్టెన్ వాసన పట్టి మూలుగుతున్నాడు.

"దొరబాబూ, వద్దు," అన్నాడు ఉమామహేష్. "మా వాడికి మూర్ఛ జబ్బుంది. పిల్లలకి వస్తోంది. మీ గురువులు టైసన్‌ని చూశావు కదా."

"దానికి గాలి బావా."

"గాలి కాదు. మా కెప్టెన్."

దొరబాబు నవ్వబోయి ఆపుకున్నాడు. "పన్నెండు రోజులు లెక్కెట్టుకుని తెచ్చినాను. ఇంకో ఇద్దరికి పిల్లలిత్తానని మాటిచ్చీసినాను. ఇప్పుడు ఒద్దంటే నా కుక్కకేటి లోటు?"

"లోటు దానికి కాదు." అంటూ ఉమామహేష్ వంగి లక్కీ మెడ నిమిరాడు. బెల్టు కొంచెం జరిగింది. కింద తెల్లమచ్చ, చిన్న తమలపాకంత. "దీన్ని ఎక్కడ తెచ్చావ్?"

"ఆనందపురంలో, పోతమ్మ గారింట్లో. నీ కుక్క పిల్లని సెప్పి అంటగట్టినారేటి ఆళ్లు నాకు? ఆ యాలకి నాకేటి తెలుసు?"

పోతమ్మ ఇంటికి తాను కెప్టెన్‌ని బండి మీద తీసుకెళ్లిన రోజు ఉమామహేష్‌కి గుర్తొచ్చింది. తండ్రికి కూతురు. ఆ మాట పైకి అనలేకపోయాడు. లక్కీ తెరిచున్న తలుపులోంచి ముందుగదిలోకి చూసింది. తల కొద్దిగా ఎత్తింది. దాని కళ్లు కిటికీ పక్క గోడ మీద, ఎడమకి, మెల్లగా పైకి కదిలాయి.

ఉమామహేష్ గబుక్కున తలుపు వేసేశాడు.

"దీన్ని డాక్టరుకి చూపించు. ఎప్పటికీ ఎవరితోనూ కట్టించకు. నీ కాళ్లు పట్టుకుంటాను."

"నలుగురూ ఏటనుకుంటారో తెలుసా నీ గురించి?" అని దొరబాబు ఆటో స్టార్టు చేశాడు. బావా అనలేదు.

ఆ మధ్యాహ్నం ఉమామహేష్ వరసగా ఫోన్లు చేశాడు. ఒకరు నవ్వారు. ఒకరు తిట్టారు. ఆనందపురం పోతమ్మ మాత్రం నిష్కల్మషంగా చెప్పింది. "మాకాడ ఉంచుకున్నదానికి దెయ్యం పట్టినాది బాబూ. హైవే మీద ఒగ్గీసి ఒచ్చీసినాం. పాపం, బండెనక సానా దూరం పరిగెట్టినాది." అతను ఆ హైవే మీద ఆదివారమంతా తిరిగాడు. దొరకలేదు.

అందరికీ చెప్పాడు గానీ గంగాలమ్మకి చెప్పలేకపోయాడు. పొద్దున్న ఆమె కేక వినబడితే పెరటివైపు వెళ్లిపోయేవాడు. కెప్టెన్‌కి ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాడు, పూటకో మాత్ర మొదలైంది. టైసన్‌కి మాత్రలు తానే పట్టుకెళ్లి ఇచ్చాడు. పదహారో రోజు సాయంత్రం కెప్టెన్ గడప మీంచి లేవలేదు. ఆరయింది. ఆరున్నరయింది. కుక్క గురక పెడుతోంది. పైన ఖాళీ క్వార్టర్ కిటికీ రెక్క కొట్టుకుంటోంది.

ఉమామహేష్ లేచి మూలకి వెళ్లి, గోడ మీది గీతకి వీపు ఆనించి కూర్చున్నాడు.

"అమ్మా," అన్నాడు. "ఆ రోజు నేను రాలేకపోయాను."

గదిలో ఏమీ కదల్లేదు. నాగశ్రీ వచ్చి పక్కన కూర్చుంది. ఈసారి లెక్కపెట్టడానికి ఏమీ లేదు.

మర్నాడు నాలుగింటికి మాత్రల డబ్బాతో అప్పికొండ ఇసుకలో నడిచి వెళ్లాడు. గంగాలమ్మ అరుగు మీద కంచం సిద్ధం చేస్తోంది. నల్లోడి చెవి చిరిగి ఉంది.

"మళ్లీ పడిపోనాడు బాబూ, మూడుసార్లు. రాయికి తగిలినాది." ఆమె మొహం చూసి ఆగింది. "ఏటైనాది?"

అరుగు అంచున కూర్చుని అంతా చెప్పాడు. మూర్ఛ అని, తన కుక్క నుంచే వచ్చిందని, ఈ మాత్ర రెండు పూటలా వేస్తే తగ్గొచ్చని, రక్తపరీక్షకి తానే తీసుకెళ్తానని చెప్పాడు. గంగాలమ్మ డబ్బా చేతిలోకి తీసుకుని ఊపి చూసింది.

"ఇది ఏత్తే ఆయన రావడం మానేత్తాడా?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. తెలీదమ్మా అనొచ్చు. ఆమె కళ్లు అలాగే అడుగుతున్నాయి.

"రాలేదమ్మా," అన్నాడు ఉమామహేష్. "మా అమ్మ ఎప్పుడూ రాలేదు. మీ ఆయనా రాలేదు. ఆ రోజు నేను తప్పు చెప్పాను. వాడు పుట్టిందే నా తప్పు వల్ల."

గంగాలమ్మ మాత్రల డబ్బా కింద పెట్టింది. తిడుతుందనుకున్నాడు. ఎండ పడవ మీంచి జారిపోయింది. నల్లోడు లేచి ఇసుకలోకి నడిచి, సముద్రంకేసి తల ఎత్తాడు. వాడి కళ్లు అలల మీంచి పడవ దాకా వచ్చాయి, గుమ్మం దాకా వచ్చాయి. అన్నీ తెలిసి కూడా ఉమామహేష్ ఒళ్లు జలదరించింది. తన పక్కనున్న ఖాళీలోకి చూడటానికి ఇప్పటికీ ధైర్యం చాల్లేదు.

టక్. టక్.

గంగాలమ్మ కుక్కని చూడటం లేదు. ఎవరూ లేని నీళ్లకేసి చూస్తోంది. ఎంతసేపు చూసిందో.

"నొప్పుంటాదా ఆడికి?"

"పడ్డప్పుడల్లా బుర్ర దెబ్బతింటుందమ్మా. ఒకరోజు లేవలేకపోవచ్చు."

ఆమె తల ఊపింది. "మా పెద్దోలకి నువ్వే సెప్పు బాబూ, ఎల్లేటప్పుడు. దినం పెట్టుకుంటామని." మాత్ర ఒకటి చిదిమి అరచేతిలోకి తీసుకుంది. గుమ్మం ముందు పెట్టిన కంచం ఒళ్లోకి లాక్కుని, కవళ్లలో ఒకదాన్ని విప్పి, ముల్లు తీసి, మాత్ర అందులో నొక్కి, అన్నంతో కలిపి ముద్ద చేసింది.

"రారా నల్లోడా."

కుక్క రాలేదు. ఆ కంచం తనది కాదని వాడికి తెలుసు. దూరంగా నిలబడి తోక కాళ్ల మధ్య పెట్టుకున్నాడు. గంగాలమ్మ కంచం పట్టుకుని ఇసుకలోకి దిగి, వాడి ముందు చతికిలబడి, ముద్ద మూతి దగ్గర పెట్టింది.

"తినీరా. ఆయన రాడంట," అంది.

వాడు ఆమె మొహంలోకి చూశాడు, కంచంకేసి చూశాడు, మెల్లగా నోరు తెరిచాడు. తాతబాబు కోసం వడ్డించిన అన్నం సముద్రంలోకి పోకుండా ఒకరి కడుపులోకి పోవడం ఇన్ని నెలల్లో అదే మొదటిసారి.